వణుకుతూనే తెచ్చిన గింజ

వలలోంచి తప్పించుకున్న పూరేడు పిట్ట మళ్లీ జొన్నచేను వైపు వెళ్లలేకపోయింది. గడ్డిపోచ తగిలినా వలతాడే అనిపించి గుండె దడదడలాడేది. పొదలో పిల్లలేమో ఆకలికి అరుస్తున్నాయి.

"అయిపోయినదానికి ఇంకా ఏడుపేంటే? మర్చిపో!" అని గోరింక కసిరింది.

మరవడం చేతకాక పూరేడు తాబేలు దగ్గరికి వెళ్లింది. అక్కడా కుదురుగా నిలవలేక అటూ ఇటూ పరుగెత్తింది.

"తిరుగుతూనే చెప్పమ్మా, నేనూ వస్తాను" అంది తాబేలు.

పూరేడు చెప్పసాగింది. తాబేలు వింటూ దాని వెంటే నడిచింది. అలా చెప్పుకుంటూ చేనిగట్టుకు చేరాయి.

"ఇక్కడే చిక్కాను తాతా. భయం పోలేదు."

"పోకపోతే పోనీ. వెనక్కి వెళ్దామా?"

"పిల్లలు తినలేదు తాతా" అంటూ పూరేడు వణుకుతూనే చేలోకి దిగింది. అది గింజ ముక్కున పట్టుకుని వచ్చేదాకా తాబేలు గట్టుమీంచి కదల్లేదు.