కంప్యూటర్ బొమ్మకు అద్దం

యానిమేషన్ క్లాసు ముగిసి అందరూ వెళ్లిపోయారు. తిరుపతిలో చీకటి పడింది. మహిత ఒక్కతే కంప్యూటర్లో ద్వారపాలకుడి తల చెక్కుతోంది.

కంటిపాపలు ఇంకా దిద్దలేదు. "అవి కడాకి దిద్దాలమ్మా. తొలిచూపు మనిసి మీద పడగూడదు, ఎదురుగా అద్దం పెట్టాల" అంటాడు రాతి విగ్రహాలు చెక్కే ఆమె నాయన. కంప్యూటర్ బొమ్మకు అద్దమేందని స్నేహితులు నవ్వినా ఆమె తెచ్చుకుంది.

నీళ్లు తాగి వచ్చేసరికి కంప్యూటర్ ఫ్యాన్ల చప్పుడు ఆగిపోయి ఉంది. తెర మీది ముఖానికి కంటిపాపలున్నాయి.

మహిత పారిపోలేదు. అద్దం తీసి తెరకు ఎదురుగా పట్టింది. "సూసుకో. నిన్ను చెక్కింది నేను."

కంటిపాపలు మెల్లగా జరిగి, అద్దం అంచు పక్కనుంచి ఆమెను చూశాయి.

ఆమె అద్దం పక్కన పెట్టి, కుర్చీ ముందుకు లాక్కుంది.

"సరే. ఎవురు ముందు రెప్పేస్తారో సూద్దాం."