పందెం ముగిసేలోపు

"మంచం వదిలేయండి, పరుపు చాలు," అంది దోన్యా ఎర్సిలియా. "మంచం విప్పుతూ కూర్చుంటే ఈలోగా వాడి కోడి ఓడిపోతుంది. వాడు ఇంటికొచ్చాడంటే ఇక మన పని అయిపోయినట్టే."

యోకాస్తా పరుపు చుట్టి, తమ్ముణ్ణి అడిగి తెచ్చిన పికప్ బండిలో పడేసింది. ఆదివారం మధ్యాహ్నం. రాదమేస్ కోడిపందేల దగ్గరున్నాడు. అతను ఇల్లు చేరేలోపు మిలాడిస్‌ను సామానుతో సహా సాంతో దొమింగో నగరం దాటించాలి.

మిలాడిస్, యోకాస్తా ఒకే బారులో గిరాకీల కోసం కూర్చునేవాళ్లు. ఇద్దరికీ హెచ్‌ఐవీ ఉంది. మందులూ ఒకే క్లినిక్‌లో. రాదమేస్‌కు మిలాడిస్ పరిచయమైంది ఆ బారులోనే. కాపురం పెట్టాక మాత్రం ఆ బారు పేరెత్తి కొట్టేవాడు. "నీ జబ్బు సంగతి వీధంతా చాటుతా. నేను కాకపోతే నిన్నెవడు ఉంచుకుంటాడే?" అనేవాడు. మొన్న ఆమె మాత్రలన్నీ మరుగుదొడ్లో పోసి నీళ్లు వదిలాడు. ఇదేమిటని అడిగినందుకు పెదవి చిట్లింది.

మిలాడిస్ గౌరవంగా 'దోన్యా' అని పిలిచే ఈ ముసలావిడను, ఎర్సిలియాను, యోకాస్తా చూడటం ఇదే మొదలు. క్లినిక్‌లో ఆడవాళ్ల సంఘం ఉంది, అక్కడి పెద్దావిడ కాబోలు అనుకుంది.

"దోన్యా, అన్నం, చిక్కుడు గింజలు పొయ్యి మీదున్నాయి," అంది మిలాడిస్. "వచ్చాక తింటాడు, ఉంచేసి..."

"ఎవరు, నీ పెదవి పగలగొట్టినవాడా? గిన్నెతో సహా బండెక్కించు. దారిలో మనం తిందాం."

యోకాస్తా పగలబడి నవ్వింది. "మీరు నాకు తెగ నచ్చేశారు!"

"నవ్వింది చాలు, ఆ ఫ్యాను పట్టుకో. వాడు రాగానే అరవడు. ముందు నవ్వుతాడు. ఆ నవ్వు చూశాక పరిగెత్తినా లాభం లేదు."

"చూసినట్టే చెబుతున్నారే!"

"అలాంటివాడితో నేనూ కాపురం చేశానమ్మా."

"ఏ తల్లి కన్నదో వీణ్ణి!" పళ్లు నూరింది యోకాస్తా. "పురిట్లోనే గొంతు నులిమేయాల్సింది."

మిలాడిస్‌కు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. పళ్లేలకు గుడ్డ చుడుతున్న ముసలావిడ చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"పుట్టినప్పుడు అందరూ ముద్దుగానే ఉంటారు," అంది. "ఆ గ్లాసులు ఇటివ్వు."

బండి నిండింది. పక్కింటావిడ కిటికీలోంచి తొంగిచూసింది.

"పరుపు ఎక్కడికి?"

"నల్లులు పట్టాయి, ఎండలో వేయాలి," అంది ఎర్సిలియా.

"ఫ్యాను కూడానా?"

"దానికీ పట్టాయి."

తీరా బయల్దేరబోతే మిలాడిస్ గుమ్మంలో కూలబడింది.

"నేను రాను. మొన్న కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. పందెం గెలిచిన రోజు బాగానే ఉంటాడు. అయినా ఈ జబ్బుతో నన్నెవరు రానిస్తారు?"

ఎర్సిలియా మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఆమె పక్కన కూర్చుంది. సంచిలోంచి కొత్త మాత్రల సీసా తీసి ఆమె చేతిలో పెట్టింది.

"ఇవి వేసుకుంటే నాకన్నా ఎక్కువకాలం బతుకుతావు. డాక్టరు నా ముందే చెప్పాడుగా. ఈ ఇంట్లో ఉంటే మాత్రం బతకవు. లే తల్లీ."

మిలాడిస్ లేచింది.

యోకాస్తా బండి నడుపుతోంది. ఊరు దాటాక సముద్రపు గాలి తగిలింది. దూరాన బరాఓనా పట్నంలో యోకాస్తా అక్క గది సిద్ధం చేసి ఉంచింది. ఆ చోటు రాదమేస్‌కు తెలియదు. గిన్నె ఒళ్లో పెట్టుకుని ఎర్సిలియా ఇద్దరికీ ముద్దలు అందిస్తోంది. నల్లులు పట్టిన ఫ్యాను గుర్తొచ్చి మిలాడిస్ నవ్వబోయింది. పెదవి మండి "అబ్బా" అంది. ముగ్గురూ నవ్వారు.

అప్పుడు ఎర్సిలియా సంచిలో ఫోను మోగింది. ఎవరో చూసి, మాట్లాడొద్దన్నట్టు ఇద్దరికీ సైగ చేసింది. చేయి తుడుచుకుంది. కళ్లు కూడా తుడుచుకుంది.

"చెప్పరా రాదమేస్, అమ్మనే," అంది.