అద్దం మీద చెయ్యి

ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా వ్యాన్ ముందు సీట్లోని పెద్దాయన అరచెయ్యి చాచి ముందరి అద్దానికి ఆనిస్తున్నాడు.

తతావిన్ ఊళ్ళో కోడలు ఆయన చెయ్యి పట్టుకుని వ్యాన్ ఎక్కించి వెళ్ళినప్పటి నుంచీ ఇదే వరస.

"చెయ్యి తియ్యి బాబాయ్. పొద్దున్నేగా తుడిచాను!" విసుక్కున్నాడు డ్రైవర్ బెల్గాసిం. నిద్ర చాలక అతని కళ్ళు మండుతున్నాయి.

"రాయి తగిలితే అద్దం వణుకుతుంది నాయనా. చెయ్యి పెడితే ఆ వణుకు చేతిలోకి పోతుంది."

వెనక సీట్లో ప్రయాణికురాలు సాల్హా ఒళ్ళో పడుకున్న బిడ్డను సర్దుకుంటూ నవ్వింది. "లారీనే ఆపుతున్నాడేమో అనుకున్నా!"

పెద్దాయన వేలి కణుపుతో అద్దాన్ని కొట్టి విన్నాడు.

"ఒంటిపొరది వేయించావు. రెండు పొరలదైతే పగిలినా దారి కనిపిస్తుంది. ఇది ఒక్కసారిగా ఉప్పురాశి అయిపోతుంది."

"సరిహద్దు సంతలో ఇదే దొరికింది. నచ్చకపోతే దిగి నడువు."

టీకి ఆగిన చోట బెల్గాసిం ఆయన్ని తన వెనక సీట్లోకి మార్చాడు. ఎక్కబోతూ ఆయన తలుపుకు తల కొట్టుకున్నాడు.

"చూసి ఎక్కు బాబాయ్!"

ఆయన నుదురు రుద్దుకుని కూర్చున్నాడు.

వాగు దిగుడు దాటగానే కంకర లారీ ఎదురొచ్చింది.

టప్‌మని ఒక్క చప్పుడు. అద్దమంతా తెల్లబడిపోయింది. గాజు పలుకులు లోపలికి చిమ్మాయి. దారి మాయమైంది.

సాల్హా బిడ్డను కరుచుకుని కేక పెట్టింది. బెల్గాసిం కాలు బ్రేకు మీదికి పోయింది.

"తొక్కకు!" పెద్దాయన చెయ్యి అతని భుజం మీద పడింది. "వెనకే లారీ వస్తోంది. స్టీరింగు కదపకు. తిన్నగానే ఉంది... తిన్నగానే... ఇప్పుడు కుడికి, మెల్లిగా. అంతా ఇసుకే. ఇక ఆపు."

వ్యాన్ ఇసుకలో కూరుకుని ఆగింది. వెనక లారీ హోరుమంటూ దాటిపోయింది.

అప్పుడు అద్దం గలగలా బెల్గాసిం ఒళ్ళోకి రాలింది.

కాసేపటికి బిడ్డ ఏడుపు తగ్గింది.

"ముందుకొచ్చి కూర్చో బాబాయ్," అన్నాడు బెల్గాసిం తలెత్తకుండానే.

"ఇంకెందుకులే. చెయ్యి పెట్టడానికి అద్దమేదీ?"

"ఈ దారి నీకింత ఎలా తెలుసు?"

"తోలేవాణ్ణి. నా బండికీ ఒంటిపొరదే వేయించుకున్నాను."

బెల్గాసిం వెనక్కి తిరిగి, ఆయన మొహం మీది పలుకులు దులపబోయి ఆగిపోయాడు.

కనుపాపకు ఆనుకుని ఒక పలుకు మెరుస్తున్నా ఆయన రెప్ప వేయలేదు. ఆ రెండు కళ్ళూ గాజువే.