మాది రాజ్యాల ఆట

ఆ కాలంలో సంబంధం కలుపుకునేవాళ్ళు కులం కంటే ముందు ఏ ఆన్‌లైన్ ఆట ఆడతారని అడిగేవారు. తెనాలిలో మోటార్లు బాగుచేసే కుముద ఏ ఆటలోనూ చేరలేదు. అందుకే మూడు సంబంధాలు తప్పిపోయాయి.

నాలుగో పెళ్ళిచూపుల్లో వరుడి తల్లి రాజ్యలక్ష్మి తేల్చి చెప్పింది.

"మాది రాజ్యాల ఆట. మంత్రాల ఆటవాళ్ళనీ, దొంగల ఆటవాళ్ళనీ మేం చేసుకోం. నువ్వు ఏది ఎంచుకుంటావో ఇప్పుడే చెప్పమ్మా."

కుముద వరుడు వినీల్ వైపు తిరిగింది. "ఎంచుకునే ముందు అడుగుతున్నా. అందులో మీరేం చేస్తారు?"

"కమ్మరినండి. పదకొండేళ్ళుగా కత్తులు చేస్తున్నా. రాజులు కూడా నా దగ్గరికే వస్తారు."

కుముద మరమ్మతుకొచ్చిన ఒక మోటారునూ, స్క్రూడ్రైవర్‌నూ అతని ముందు పెట్టింది. "అయితే ఈ మూత విప్పండి."

వినీల్ కాసేపు కుస్తీపట్టి, స్క్రూ తల అరగదీసి, చెమట తుడుచుకున్నాడు.

"ఈ సంగతి మీ రాజులకు చెప్పకండి. కత్తులు వాపసు ఇచ్చేస్తారు," అంది కుముద.

రాజ్యలక్ష్మి విసురుగా లేచింది. వినీల్ లేవలేదు. "ఎలా విప్పాలో చూపిస్తారా?" అని మెల్లగా అడిగాడు.

కుముద అతని మెత్తటి వేళ్ళను పరీక్షగా చూసింది.

"పెళ్ళికైతే వద్దు. పని నేర్చుకోవడానికైతే రేపు పొద్దున ఏడింటికి నా మోటార్ల షెడ్డుకి రండి."

మర్నాడు ఆరున్నరకే అతను షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు.