రాదిసావ్ పథ్యం

"ఈ మొరావా లోయ మొత్తం మీద నాకున్నంత చక్కెర జబ్బు ఇంకెవరికీ లేదోయ్. చెమట తుడిచిన తువ్వాలు ఆరేస్తే తేనెటీగలు ముసురుతున్నాయి," అంటూ రాదిసావ్ చెంచా వెనక్కి నెట్టాడు.

ఇంటాయన వుకాషిన్ ముఖం ముడుచుకుంది. ఇంటి పునీతుడి పండుగనాడు గడప దాటి వచ్చినవాడు ముందుగా చెంచాడు ఆలూబుఖారా పాకం తిని గ్లాసుడు నీళ్ళు తాగాలి. వద్దంటే ఆ ఇంటినే వద్దన్నట్టు. పైగా నలభై ఏళ్ళ క్రితం రాదిసావ్ పెళ్ళికి సాక్షిగా నిలబడింది ఈ వుకాషినే.

"జబ్బు నీకా, నీ నాలిక్కా?" అన్నాడు.

"ఆయన్ని బలవంతపెట్టకు అన్నయ్యా," అంది రాదిసావ్ భార్య దేసాంకా. ఎదురుగా కూర్చుని తాను తింటే ఆయన నోరు ఊరదా అంటూ తన చెంచా కూడా పళ్ళెంలో పెట్టేసింది. తెల్ల రొట్టె, అక్రోటు కేకు వాళ్ళ ముందు నుంచి అలాగే వెళ్ళిపోయాయి.

నాలుగు నెలలుగా ఇదే తంతు. పొద్దున బార్లీ గంజి, మధ్యాహ్నం చిక్కుడు గింజలు, రాత్రి ఉడికించిన క్యాబేజీ. తొలి మంచు పడేలోగా చక్కెర దిగకపోతే కాలు తీసెయ్యాలని డాక్టరమ్మ రాదిసావ్‌ని పక్కకి పిలిచి చెప్పింది. ఆనాటి నుంచి దేసాంకా, పార గీరుకున్న పాదానికి కట్టుతోనే పొయ్యి దగ్గర కూర్చుని, గింజలు గుప్పెటతో కొలిచి మరీ వండుతోంది. ఆయనకేం పెడితే తానూ అదే తింటోంది. రాదిసావ్‌కి మాత్రం ప్రాణం విసిగిపోయింది. పొరుగింట్లో రొట్టె కాలే వాసనకి గోడ పట్టుకుని నిలబడిపోతాడు. అయినా ముట్టడు.

మర్నాడు ఇద్దరూ బస్సెక్కి పట్నం వెళ్ళారు. నర్సు ఇద్దరి వేళ్ళూ పొడిచింది. ఆయన అంకె ఎంతని దేసాంకా మూడుసార్లు అడిగింది. తనదెంతో అడగనేలేదు.

ఆమె లోపల కట్టు మార్పించుకుంటుంటే డాక్టరమ్మ నడవాలోకి వచ్చింది. చక్కెర బాగా దిగిందని, కాలికి ఇక గండం లేదని చెప్పింది. రాదిసావ్ బల్ల మీద కూలబడ్డాడు.

"ఇకనైనా ఆవిడకి నిజం చెప్పరాదూ?" అంది డాక్టరమ్మ.

"ఇప్పుడే వద్దమ్మా. తన ఒంటి కోసమైతే ఒక్కపూట కూడా నోరు కట్టుకునే మనిషి కాదు. ఇంకొన్నాళ్ళు నేనూ ఆ క్యాబేజీ తింటాలే," అని నీరసంగా నవ్వి మళ్ళీ అన్నాడు రాదిసావ్:

"జబ్బు నాదన్నదొక్కటేగా నేను కల్పించింది."