చివరి గడి

అనంతకృష్ణ గమ్హరియాలోని ఒక ఫ్యాక్టరీకి సేఫ్టీ ఇంజనీరు. అంతటివాడి ఇంట్లో కొత్త ఏసీ వేస్తే చాలు, ఎంసీబీ స్విచ్చి ట్రిప్పై కరెంటు పోతోంది.

"ఆరు ఆంపియర్లది పీకేసి ముప్పై రెండుది పెట్టు," అన్నాడు బంగార్రాజుతో. బంగార్రాజు అదే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్.

"గోడలోది లైట్లకేసిన సన్న వైరు సార్. పెద్ద ఎంసీబీ పెడితే అది ట్రిప్పవదు, వైరే కాలతాది. ఏసీకి నాలుగు ఎంఎం వైరు కొత్తగా లాగాల."

"గోడ తవ్వుతావా? పోయిన వారమే రంగు వేయించాం."

లేత గులాబీ రంగు. దానికి మంటలు కూడా మర్యాద ఇస్తాయని ఆయన నమ్మకం.

"మీ ఇష్టం సార్, సేసెత్తాను." బంగార్రాజు జేబులోంచి ఫ్యాక్టరీ వర్క్ పర్మిట్ ఫారం తీశాడు. "ఇది నింపి సంతకం ఎట్టండి."

"ఇంట్లో పనికి పర్మిట్ ఏమిటయ్యా?"

"పర్మిట్ లేకుండా బల్బు మార్చేనని పోయిన నెల మీరే నన్ను మూడ్రోజులు గేటు బయట కూకోబెట్టేరు. అప్పట్నుంచి బయ్యం సార్."

అనంతకృష్ణ నవ్వి పెన్ను తీశాడు. రోజుకు ముప్పై పర్మిట్లు నింపే చెయ్యి. పని, ఎంసీబీ మార్పు. స్థలం, పడకగది. చివరి గడిలో 'ప్రమాదం పొంచి ఉన్న వ్యక్తి పేరు' అని ఉంది.

ఆ గులాబీ గదిలో పడుకునేది ఆయన ఆరేళ్ల కూతురు.

పెన్ను కాగితం మీద ఆనింది గానీ కదల్లేదు.

"ఆగిపోయారేటి సార్?" అన్నాడు బంగార్రాజు. "ఫ్యాక్టరీలో ఆ గడిలో నా పేరు టకటకా రాసెత్తారు గదా."