కేకు డబ్బా మీద తేదీ

"మళ్ళీ వాయిదా!" టీవీ ముందు నుంచి విల్ఫ్ అరిచాడు. "మూడేళ్ళ కిందట ఐరోపా కూటమిలోంచి బయటికి పోదామని ఓటేశాం. ఆ లండన్‌లో వాళ్ళింకా గుమ్మంలో నిలబడి బూట్లు వెతుక్కుంటున్నారు!"

"నన్ను కలపకు. నేను ఉందామనే వేశాను," వంటింట్లోంచి భార్య ఈనిడ్ అంది.

"మరి బయటపడే రోజుకని కేకెందుకు చేశావే?"

"నువ్వు తింటావని, ముసలాడా."

కేకు డబ్బా మూత మీద అంటించిన కాగితంపై 'మార్చి 29', 'ఏప్రిల్ 12' ఇదివరకే కొట్టేసి ఉన్నాయి. ఈనిడ్ ఇప్పుడు 'అక్టోబరు 31' కూడా కొట్టేసి 'జనవరి 31' అని రాసింది. ఎండుపళ్ళ కేకు పొడిబారిపోకుండా అల్లికసూదితో కన్నాలు పొడిచి, ప్రతి వారంలాగే చెంచాడు బ్రాందీ పోసింది.

"జనవరిదాకా ఉంటుందంటావా?"

"దానికేం, నిక్షేపంగా ఉంటుంది."

విల్ఫ్‌ను సమాధి చేసి వచ్చాక, చర్చి హాలులో టీతోపాటు ఆ కేకు కోశారు. "ఎంత బాగా ఊరిందో!" అన్నారు నల్లబట్టలవాళ్ళు.

మూత మీద 'జనవరి 31' కూడా కొట్టేసి ఉంది. దాని కింద ఈనిడ్ రాసిన 'నవంబరు 14'ను మాత్రం ఎవరూ వాయిదా వెయ్యలేదు.